డబ్బా అడుగున ఉన్నది

పాలకొల్లులో మా మేనత్తకి పశువుల దాణా కొట్టు ఉంది. ఊళ్లో కుక్కల్ని పెంచేవాళ్లు ఎక్కువయ్యారని ఈమధ్య వాటి మేత కూడా తెచ్చి అమ్ముతోంది. హైదరాబాద్‌లో మేనేజరుతో గొడవపడి ఉద్యోగం మానేశాక నేను కొన్నాళ్లు ఆవిడ దగ్గరే ఉన్నాను. గుమ్మం దగ్గర కూచుని ఫోన్ చూసుకోవడమే నా పని.

"దాన్నలా గీకుతూనే ఉండు. ఏదో రోజు అద్దం అరిగి వేలు అవతలికి వస్తుంది," అనేది అత్త.

కుక్కల మేత పెద్ద బస్తాల్లో వస్తుంది. బస్తా మొత్తం కొనేవాళ్లు తక్కువ. అందుకని అత్త బస్తా కోసి, మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పోసి, అడిగినవాళ్లకి కిలో, అరకిలో తూచి ఇచ్చేది. అలా వారం వారం కొనేవారిలో రిటైరైన ఒక మాస్టారు ఉన్నారు. ఆయన కుక్కకి చికెన్ పడదు. కొంచెం తగిలినా ఒళ్లంతా దద్దుర్లొచ్చి, గోకి గోకి పుండ్లు చేసుకుంటుంది. పశువుల డాక్టరు గట్టిగా చెప్పాడని ఆయన పచ్చ చుక్క వేసిన శాకాహారం మేతే కొనేవారు.

ఒక శుక్రవారం పొద్దున్నే వచ్చారు.

"దానికి గోకుడు తగ్గట్లేదమ్మా. నిన్న చెవి వెనక నెత్తురు కూడా వచ్చింది. మీ మేతలో చికెన్ ఏమన్నా కలుస్తోందేమో కాస్త చూడండి."

నాకు చర్రున కోపం వచ్చింది. బస్తా ఫోటో తీసి, పెద్దది చేసి ఆయన మొహం ముందు పెట్టాను. "బియ్యం, సోయా, మొక్కజొన్న. చికెన్ ఎక్కడుందో మీరే చూపించండి. ఇంట్లో మీరే ఏదో పెడుతుంటారు."

"మా ఇంట్లోకి గుడ్డు కూడా రాదు తల్లీ," అని ఆయన ఉత్త చేతుల్తో వెళ్లిపోయారు.

అత్త లేచింది. డబ్బా మూత తీసి, భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టి, అడుగునుంచి గుప్పెడు తీసింది.

"ఇటు రావే."

ఆవిడ అరచేతిలో లేతరంగు గింజల మధ్య ముదురు గోధుమరంగువి కొన్ని ఉన్నాయి.

"ఇవి చికెన్‌వి. ఇదివరకు ఈ డబ్బాలో అదే ఉండేది."

మా ఇళ్లల్లో బియ్యం డబ్బా అడుగు కనపడనివ్వరు. ఇంకా రెండు గుప్పిళ్లు ఉండగానే కొత్తవి పోసేస్తారు. డబ్బా ఖాళీ అయితే ఇంటికి మంచిది కాదంటారు. అత్త కొట్టులోనూ అలాగే చేసింది. చికెన్ మేత అడుగున కొంచెం ఉంచి, దాని మీదే పచ్చ చుక్క బస్తా పోసింది. ఆ తర్వాత ఎప్పుడూ అడుగు కనపడనివ్వలేదు.

నేను ఫోన్లో వెతికి, మేత ప్యాకెట్ మీద ఏమేం ఉండాలో చదివి వినిపించాను. దేనితో చేశారు, ఎంత బరువు, ఎప్పుడు తయారైంది, ఎప్పటిలోగా వాడాలి, ఎవరు చేశారు. "బస్తా మీదది చూసి నేను చీటీలు ప్రింటు తీయిస్తాను, సంచులకి అంటిద్దాం," అన్నాను.

"దీనికా? దీంట్లో ఏముందో నాకే తెలీదు. చీటీ మీద ఏం రాస్తావ్?"

అంటూనే డబ్బాని వీధి గుమ్మం దాకా ఈడ్చి, బోర్లించేసింది. పక్క కొట్టావిడ పరిగెత్తుకొచ్చింది.

"శుక్రవారం పూట డబ్బా బోర్లిస్తున్నావేంటి వదినా! కొట్టు ఎత్తేస్తున్నావా ఏంటి?"

"అక్కడ కుక్కకి నెత్తురొస్తుంటే ఇక్కడ వారాలు చూసుకోమంటావా?"

ఇక విడిగా అమ్మకూడదని, కంపెనీ సీలు వేసిన చిన్న ప్యాకెట్లే అమ్మాలని అత్త అక్కడే తేల్చేసింది. కొట్టులో ఉన్న అలాంటి పచ్చ చుక్క ప్యాకెట్ ఒకటి తీసుకుని చెప్పులేసుకుంది.

"ఎక్కడికి? మనంతట మనమే వెళ్లి చెప్తే ఊరంతా తెలిసిపోతుంది అత్తా," అన్నాను.

"తెలియనీ. పోయిన వారం ఇచ్చింది ఇంకా దాని గిన్నెలోనే ఉంటుంది. ముందది పారబోయించాలి."

బండి మీద నేనే తీసుకెళ్లాను. మాస్టారి అరుగు మీద కుక్క పడుకుని ఉంది. వెన్ను మీద అక్కడక్కడా గులాబిరంగు చర్మం కనపడుతోంది. అత్త మెట్టు కిందే నిలబడి చెప్పింది.

"మాస్టారూ, తప్పు నా డబ్బాలోనే ఉందండి. అడుగున చికెన్‌ది ఉండగా మీది పైన పోశాను."

ఆయన వంగి కుక్క తల నిమిరారు. తర్వాత, "మీ మాట మీద పెట్టానమ్మా," అన్నారు.

"అవునండి."

తెలీక చేశాననలేదు, అందరూ ఇలాగే చేస్తారనలేదు. మా ఆఫీసులో తప్పు జరిగినప్పుడల్లా అంత పొడుగు మెయిళ్లు రాసేవాళ్లలో ఒక్కరైనా ఇలా ఒక్క మాటతో ఆపగా నేను చూడలేదు.

గిన్నెలోది ఆయన పారబోశారు. సీలు ప్యాకెట్ అందుకుని, కళ్లజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివారు. ఆయన చదవడం అయ్యేదాకా అత్త ఎండలోనే నిలబడింది.

"బొచ్చు మొలిచేదాకా మీ కొట్టుకి రాను," అన్నారాయన.

"సరేనండి. నేనే వచ్చి చూసి వెళ్తాను."

అన్నట్టే కొట్టు కట్టేశాక వెళ్లేది. ఒక్కోసారి ఆయన పలకరించేవారు కాదు. అత్త అరుగు పక్క నిలబడి కుక్క చెవి ఎత్తి చూసి వచ్చేసేది. ఇంటికొచ్చి, "పుండు ఎండుతోంది," అనేది. ఆ రోజు అన్నం బాగా తినేది.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం మాస్టారు కుక్కని వెంటబెట్టుకుని కొట్టుకొచ్చారు. దాని వెన్ను మీద కొత్త బొచ్చు పొట్టిగా, నిక్కబొడుచుకుని ఉంది.

"ప్యాకెట్ ఇవ్వండి. మొత్తం చదివాకే తీసుకుంటాను," అన్నారు.

వెనకాల దాణా కోసం వచ్చినవాళ్లు నిలబడి ఉన్నారు. అత్త నన్ను కుర్చీలోంచి లేపి, ఆయనకి వేసి, లైటు వేసింది.

"నింపాదిగా చదవండి మాస్టారూ."