తప్పు కాలిదా, కారుదా

మాఘమాసంలో ఒక మంగళవారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకి, ఒంగోలు వెళ్ళే రోడ్డు మీద మా కారుకి ఒక గేదె అడ్డం వచ్చింది. మా ఆయన బ్రేకు మీద కాలు ఆనించారు. తొక్కారని అనను. పక్కనే కూర్చుని చూశాను, ఆనించారంతే. వెనక నుంచి ఎవరో జుట్టు పట్టుకుని లాగినట్టు కారు ఆగిపోయింది. నా నుదురు వెళ్ళి ముందు అద్దానికి కొట్టుకుంది. గేదె మమ్మల్ని తీరిగ్గా చూసి, పేడ వేసి, తన దారిన తాను పోయింది.

అది ఎర్రటి స్పోర్ట్స్ కారు, రెండే సీట్లు. చీమకుర్తిలో ఒక గ్రానైట్ వ్యాపారి తన పొట్ట అందులో పట్టక అమ్మేస్తుంటే, డెబ్బై ఒకటో ఏట మా ఆయన కొనుక్కొచ్చారు. జీవితమంతా మిరప, పత్తి పండించిన మనిషి. అందులో ఎక్కడమంటే పీట మీద కూర్చుని కాళ్ళు చాపుకోవడం, దిగడమంటే నూతిలోంచి పైకి రావడం. నేను ముప్ఫై మూడేళ్ళు ఆడపిల్లల హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పినదాన్ని. వస్తువు నేలకి ఎంత దగ్గరగా ఉంటే అంత స్థిరంగా ఉంటుందని పాఠం చెప్పాను గానీ, అది నా మీదే ప్రయోగమవుతుందని అనుకోలేదు.

ఆ సాయంత్రమే మా మరిది వచ్చాడు. ఆయనకంటే ఆరేళ్ళు చిన్న. కారు మా ఇంటికి వచ్చిన రోజు నుంచీ కన్ను దాని మీదే.

"అన్నయ్యా, తప్పు బ్రేకుది కాదు, నీ కాలిది. నలభై ఏళ్ళు ట్రాక్టరు తొక్కిన కాలు. దానికి సుకుమారం ఏం తెలుస్తుంది? ఆ తాళం నాకిచ్చెయ్. అప్పుడప్పుడూ నేనే ఎక్కించుకుని తిప్పుతాలే."

"ఒరేయ్, నీకిస్తే నెల తిరక్కుండా దానికి ట్రాలీ తగిలిస్తావు."

"పోనీ వదిన చెప్పమను. ఏం వదినా, కాలా? కారా?"

మా ఆయన నా వైపు చూశారు. ఆ చూపులో గొంతు దాటని బతిమాలడం ఉంది. తాళం పోతే ఆయనకి ఇక మిగిలేది టీవీ. ఆయన టీవీ ముందు కూర్చుంటే అరగంటకోసారి నన్ను టీ అడుగుతారు. కాబట్టి ఇందులో నా స్వార్థమూ ఉంది. ఆదివారం నాటికి తేలుస్తాననీ, కాలిదే తప్పయితే తాళం మరిదికి నేనే ఇప్పిస్తాననీ చెప్పాను.

మర్నాడు ఆయన ఒంగోలులో ఇలాంటి కార్లు చూసే మెకానిక్కుకి ఫోన్ చేశారు. స్పీకర్ పెట్టమంటే పెట్టలేదు. మాట్లాడి వచ్చి, "బ్రేకులు పట్టేశాయట" అన్నారు.

"ఎందుకట?"

"పట్టేశాయట. అంతే."

ఆయన చెవి చిన్నప్పటి నుంచీ అంతే. ఒక్క ముక్క నచ్చితే మిగతా వాక్యాన్ని బయటే నిలబెడుతుంది.

గురువారం నుంచి జబ్బు రూపం మారింది. అంతకుముందు బ్రేకు పొద్దున్నే రెండు మూడు సార్లు కరిచి, ఆ తరువాత బుద్ధిగా ఉండేది. ఇప్పుడు మొదట జారుతోంది, వేడెక్కాక కరుస్తోంది. వీధి మలుపు దాటి వెళ్ళొద్దన్నాను. కానీ నాకు అనుమానం మొదలైంది. డెబ్బై ఒక్కేళ్ళ కాలు రాత్రికి రాత్రి అలవాటు మార్చుకోదు.

దేన్నయినా పరీక్షించాలంటే ఒక్కటే మార్చాలి, మిగతావన్నీ అలాగే ఉంచాలి. కారు అదే, దారి అదే. కాలు మార్చాలి. శనివారం పొద్దున మరిదిని పిలిచి, మా పొలం బాట మీద నడక వేగంతో నడపమన్నాను. చలువ కళ్ళద్దాలు పెట్టుకుని మరీ వచ్చాడు. నేను పక్కన కూర్చున్నాను.

"చూడు వదినా, వెన్నలో కత్తి దించినట్టు ఆపుతా."

బాట చివర కల్లంలో మా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. వాటికి ఇవతల ఆపాలి. తొక్కాడు. కారు ఆగలేదు. గట్టిగా తొక్కాడు, ఇంకా ఆగలేదు. లేచి నిలబడినంత పని చేసి తొక్కితే అప్పుడు కరిచింది. ముందు సగం మిరపకాయల్లో ఉంది. మరిది మూతి స్టీరింగు మీద ఉంది. మిరప ఘాటు లేచి ఇద్దరికీ తుమ్ములు. మా ఆయన పరుగెత్తుకొచ్చి ముందు కారుని తడిమారు, తరువాత తమ్ముణ్ణి, ఆఖరున నన్ను.

"కాలా? కారా?" అని అడిగాను.

మరిది మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "కారే" అన్నాడు.

అప్పుడే ఆ ఘాటులోంచి ఇంకో వాసన వచ్చింది. ముందు చక్రం నుంచి సన్నగా పొగ. వంగి చూశాను. మాడిన ఆముదం. ఆ వాసన నాకు ఎవరూ పరిచయం చెయ్యక్కర్లేదు.

"ఏమండీ, చక్రానికి ఏం రాశారు?"

"ఏం రాయలేదే."

"ఆముదం కంపు కొడుతోంది."

ఆయన మిరపకాయల వైపు చూశారు. "పట్టేశాయన్నాడుగా."

"అంటే?"

"నా నడుం పట్టేస్తే నువ్వేం రాస్తావు?"

"ఆముదం."

"మరి?" అన్నారు. "వెచ్చజేసే రాశాను. రోజూ" అని గర్వంగా చెప్పారు.

ఈసారి ఫోన్ నేను చేశాను, స్పీకర్ పెట్టి.

"చెప్పాను కదమ్మా సార్‌కి," అన్నాడు మెకానిక్కు. "రోజూ కడిగి మంచులో నిలబెడుతున్నారు. లోపలి ఇనప బిళ్ళ మీద పల్చగా తుప్పు పడుతుంది, అందుకని పొద్దున్నే పట్టేస్తాయి. మెల్లగా నడుపుతూ రెండు సార్లు తొక్కితే అదే పోతుంది. మందేం అక్కర్లేదన్నాను."

"సార్ ఆముదం రాశారు."

"బ్రేకులకా అండీ?"

"వెచ్చజేసి."

షెడ్డులో ఉన్నవాళ్ళందరికీ అతను ఆ మాట చెప్పడం, వాళ్ళు నవ్వడం మాకు స్పష్టంగా వినిపించింది. అంతా అయ్యాక, "ప్యాడ్లు నూనె తాగేసుంటాయమ్మా, పారెయ్యాల్సిందే. కారు కదపొద్దండి, మోసుకొచ్చే బండి పంపిస్తా" అన్నాడు.

మరిది వదల్లేదు. "వదినా, కాలు కాదు సరే. చెయ్యి! ఆ చేతికి తాళం ఎట్టా ఇస్తావు?"

"నువ్వడిగింది కాలా, కారా అని. ప్రశ్నపత్రంలో చెయ్యి లేదు. లేని ప్రశ్నకి మార్కులుండవు" అన్నాను. తాళం మా ఆయన జేబులోనే ఉండిపోయింది. ఆముదం సీసా మాత్రం నా బీరువాలోకి వెళ్ళింది. నడుం పట్టేస్తే నన్ను అడగాలి.

పోయినవి: నాలుగు చక్రాల బ్రేకు ప్యాడ్లు, చక్రాల కింద నలిగిన మిరపకాయలు బస్తాకి కొంచెం తక్కువ, మా మరిది ముందు పన్ను సగం, ఆముదం అర సీసా.