క్రౌన్ పళ్ళకు కుంకుమ

మామ పోయాడన్న కబురు అందేటప్పటికి నా కారు ఆయన షెడ్డులోనే రాళ్ళ మీద ఉంది. ముందురోజు వెనక చక్రాలు విప్పి, ఇరుసు నడుమనుండే డిఫరెన్షియల్ ఊడదీసి, లోపలి పళ్ళచక్రాలు క్రౌన్, పినియన్ రెండింటినీ గోనెసంచి మీద పెట్టి ఇంటికి వెళ్ళాడు. పొద్దున కాఫీ తాగి గుండె పట్టుకుని కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. ఆయన మా అమ్మకు తమ్ముడు. చిత్తూరులో మా పాత కార్లకు ఆయనే దిక్కు.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. పని మధ్యలో వదిలేసి పోతారా ఎవరైనా!

నాది నాయన కాలం నాటి కారు. చేయో కాలో విరిగినవాళ్ళను కట్టు కట్టించడానికి పుత్తూరుకు తీసుకుపోవడమే నా బతుకు. వెనకనుంచి కూత మొదలైతే మామ దగ్గరికి పరిగెత్తేవాణ్ణి.

"ఎముకలిరిగినోళ్ళని తోలతా ఉండావు, నీ బండే మూలగతా ఉంటే వాళ్ళకి ధైర్యం యాడొస్తాది రా?" అని ఎగతాళి చేసేవాడు.

వెంటనే స్పానర్ పట్టేవాడు కాదు. వెనక సీటు పీకి బయట పెట్టి, ఆ ఖాళీలో గొంతుక్కూర్చుని, కళ్ళు మూసుకుని, నన్ను నడపమనేవాడు.

"కాలు నొక్కు. ఇప్పుడు తీసెయ్. ఆ మలుపు తిప్పు, సూద్దాం."

నొక్కితే వచ్చే కూత వేరు, తీస్తే వచ్చేది వేరు, మలుపులో మాత్రమే వస్తే రోగమే వేరు. అది తేల్చుకోకుండా మొత్తం మార్చెయ్యమనేవాళ్ళంటే ఆయనకు ఒళ్ళు మంట. "మార్చమనేటోనికేం, వాని జోబీనా కాలేది? బేరింగు పోయింటే బేరింగు మారిస్తే సాలు." పళ్ళే అరిగిపోతే పాతసామాన్ల అంగళ్ళన్నీ తిరిగి జత వెతికేవాడు. ఒక బండి క్రౌన్‌కు ఇంకో బండి పినియన్ కలపనిచ్చేవాడు కాదు. "కలిసి అరిగినవి అల్లుడా. ఇడదీస్తే రెండూ ఏడస్తాయి." నా కంచంలో ఇన్నాళ్ళూ అన్నం ఉందంటే ఆ మనిషి చెవుల చలవే.

బిగించేటప్పుడు పళ్ళు సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూడటానికి మెకానిక్కులు రంగు పూస్తారు. మామ మాత్రం అత్త కుంకుమ తెచ్చి గ్రీజులో కలిపేవాడు. పూసి తిప్పితే, రాసుకున్న చోట ఎరుపు చెరిగిపోతుంది. ఆ గుర్తు పంటి నడుమ పడాలి. అంచున పడితే మళ్ళీ విప్పి, సన్నటి రేకు వాషర్లు మార్చేవాడు.

"దేవునికి పెట్టేది బండికి పూస్తావా, సిగ్గులేదా!" అని అత్త కేకలేసేది.

"మనకి కూడు పెట్టే దేవుడు ఇదే కదే!"

అరిచినా, భరిణె మాత్రం ఆయన చేతికందే చోటే పెట్టేది.

కర్మాంతరాలు అయ్యాక ఊళ్ళో మెకానిక్కులను బతిమాలాను. "ఇంకా దీన్ని పట్టుకోని యాలాడతావాప్పా? తూకానికి ఏసెయ్" అన్నారు. కారు పోతే నేనేం తినాలి? మామ తెచ్చిపెట్టిన కొత్త బేరింగులు అట్లే ఉన్నాయి. చూసీ చూసీ కొంత తెలుసు కదా అని నేనే కూర్చున్నాను.

అత్త షెడ్డులోకి వచ్చింది. బోసి నుదురు చూడలేక తల దించుకున్నాను. చేతిలో భరిణె.

"రంగు ల్యాకుండా యెట్లా సూస్తావప్పా?"

"వద్దత్తా."

"నాకింకెందుకు? అంతా పుయ్యి."

పూశాను. గుర్తు అంచున పడింది. విప్పాను, వాషరు మార్చాను, మళ్ళీ పూశాను. మామ పీకిపెట్టిన వెనక సీటు మీదే కూర్చుని అత్త చూస్తూ ఉంది. సాయంత్రానికి గుర్తు పంటి నడుమకు వచ్చింది. పిలిచి చూపించాను.

వంగి చూసింది. ఆ ఎరుపును వేలితో తాకింది. అలవాటుగా చేయి నుదుటిదాకా పోయింది. అక్కడే ఆగింది. తర్వాత వేలు కొంగుకు తుడుచుకుంది.