కుట్టాలా, మార్చాలా

ప్రొద్దుటూరు బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల పేర్లు చదవడం నా మొదటి ఉద్యోగం. పెళ్ళయి జమ్మలమడుగు వెళ్ళాక కూడా మానలేదు. పొద్దున బస్సెక్కి వచ్చేదాన్ని, సాయంత్రం తిరిగి పోయేదాన్ని. ఏ ఊరి మీదుగా ఏ బస్సు పోతుందో, ఏ ప్లాట్‌ఫాం మీద ఉందో ఒక్క గుక్కలో చెప్పడం నాకు అలవాటు.

ఆ ఏడాది ఎండలు ముదిరే వేళకు ఆ గుక్క చాలడం మానేసింది. ఊరి పేరు మధ్యలో ఆగి, ఊపిరి పీల్చుకుని మిగతాది చెప్పేదాన్ని. ఒక కండక్టరు కిటికీ దగ్గరికి వచ్చి నవ్వాడు.

"ఏందమ్మా, బస్సు పేరు సగం చెప్పి సగం మింగుతాండావు?"

నేనూ నవ్వాను. రక్తం తక్కువై ఉంటుందనుకున్నాను. తర్వాత వెల్లకిలా పడుకుంటే ఆయాసం రావడం మొదలైంది. గోడకు దిండ్లు ఆనించుకుని కూర్చుని నిద్రపోయేదాన్ని. ఒక మధ్యాహ్నం మైకు ఆపి దగ్గితే చేతిరుమాలు మీద గులాబీరంగు నురగ పడింది. దాన్ని మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియను. ఫోను చేస్తే డ్యూటీ మధ్యలోనే బండి వేసుకుని వచ్చాడు.

ప్రొద్దుటూరులోనే ఒక గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళాం. యాభై దాటిన మనిషి, మన వైపు మాటే. వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. గుండెకు ఎకో స్కాను తీసి, తెరను మా వైపు తిప్పి చూపించాడు.

"చిన్నప్పుడు కీళ్ళు వాచి జ్వరం వచ్చిందా?"

వచ్చింది. పులివెందులలో మా అమ్మ నన్ను చంకనేసుకుని ఆసుపత్రికి తిప్పిన సంగతి ఆమె చెప్పగా విన్నాను. కొన్నాళ్ళు పిరుదుకు ఇంజెక్షన్లు వేశారు. నొప్పులు పోయాక అందరూ మర్చిపోయారు.

"ఆ జ్వరంతో వచ్చిందే ఇది. గుండె లోపల రెండు గదుల మధ్య తలుపు మాదిరి వాల్వు ఉంటాది. అది గట్టిపడి పూర్తిగా తెరుచుకోవడంల్యా. మూసుకునేటప్పుడు కారతాంది గూడా. కారకుంటే బెలూన్‌తో వెడల్పు చేసేవాళ్ళు. నీకు ఆపరేషనే."

మా ఆయన కుర్చీ అంచుకు జరిగాడు. డాక్టరు నన్ను కాదు, ఆయన్ను చూస్తూ చెప్పాడు. "దాన్ని తీసేసి, లోహం మాదిరి గట్టి మెకానికల్ వాల్వు పెట్టించుకోండి. అది అరగదు, మళ్ళీ కోయించుకునే పని దాదాపు ఉండదు. రక్తం పలచన చేసే మాత్ర మాత్రం బతికినన్నాళ్ళూ మింగాల."

"పిల్లలు సార్?" అన్నాడు ఆయన.

డాక్టరు పెన్ను మూత పెట్టాడు. "ఆ మాత్ర కడుపులో బిడ్డకు మంచిది కాదు. ఆపితే వాల్వు మీద గడ్డ కడతాది, తల్లికి ప్రాణం మీదికొస్తాది. మాత్రకు బదులు ఇంజెక్షన్లు వేసుకుంటా నెట్టుకొచ్చినోళ్ళు ఉండారు. నేనైతే ధైర్యం చెప్పలేను. ముందు ఈమె బతకాల గదా."

ఆపరేషనుకు తిరుపతి పంపారు. నాతో మా ఆయన, మా అత్త వచ్చారు. అత్త జమ్మలమడుగులో బడిపిల్లలకు మధ్యాహ్నం అన్నం వండే మనిషి. మాట కరుకు. పెళ్ళయిన కొత్తలో ఆమె గొంతు వింటేనే నాకు భయం.

సర్జను ఒక మేడమ్. పొట్టిగా, తెల్ల కోటు చేతులు మడిచి ఉంది. కోస్తా మాట. నా ఎకో బొమ్మలు ముందుకూ వెనక్కూ తిప్పి చూసి, నేరుగా నన్నే అడిగింది.

"పిల్లలు కావాలా నీకు?"

పక్కన మొగుడు, వెనక అత్త. ఆ ప్రశ్నకు జవాబు ఎవరి వైపు చూస్తూ చెప్పాలో తెలియక బల్ల వైపు చూశాను. ఆమె తనే మాట్లాడింది.

"అయితే విను. నీ వాల్వును తీసేయకుండా బాగుచేయడానికి నేను ముందు ప్రయత్నిస్తాను. అతుక్కున్న చోట విడదీసి, గట్టిపడిన పొర చెక్కి, చుట్టూ ఒక రింగు పెట్టి కుడతాను. అది నిలబడితే నీకు మాత్రల బెడద పెద్దగా ఉండదు. కుదరకపోతే మార్చాలి. మెకానికల్ గురించి మీ డాక్టరు చెప్పే ఉంటారు. ఇంకోటి టిష్యూ వాల్వు. దానికి ఆ మాత్ర ఎల్లకాలం అక్కర్లేదు, బిడ్డను కనొచ్చు. కానీ వయసులో ఉన్నవాళ్ళకు అది తొందరగా పాడవుతుంది. పదేళ్ళకో పదిహేనేళ్ళకో మళ్ళీ ఆపరేషన్. రెండోసారి కష్టం ఎక్కువ."

"మా డాక్టరు కుట్టే సంగతి చెప్పలేదు మేడమ్," అన్నాడు మా ఆయన. గొంతులో అనుమానం దాచుకోలేదు.

"ఆయన చెప్పింది తప్పు కాదు. ఈ జబ్బులో కుట్టినవి మళ్ళీ గట్టిపడతాయని, మార్చేయడమే మేలని వాదించే సర్జన్లు చాలామంది ఉన్నారు. ఓపిగ్గా కుడితే నిలబడతాయని మేం కొందరం అంటాం. మా మీటింగుల్లో దీని మీద గొంతులు లేస్తాయి. ఎవరూ ఒప్పుకోకుండానే భోజనాలకు వెళ్ళిపోతాం."

తర్వాత నా వైపు వంగింది. "లోపల కుదరలేదనుకో, నిన్ను లేపి అడగలేను. ఏది పెట్టాలో ముందే చెప్పాలి. వచ్చే వారం చేరేటప్పుడు చెప్పు."

ఆ వారం ఇంట్లో సరిగ్గా అన్నం తిన్నవాళ్ళు లేరు. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా ఫోను పట్టుకునేవాడు. ఒకచోట పిల్లలు కావాలనుకునే ఆడవాళ్ళకు టిష్యూ మేలని ఉండేది. ఇంకోచోట రెండో ఆపరేషనులో పోయేవాళ్ళ సంగతి ఉండేది. ఒకటి చదివి ముఖం తేటపడేది, ఇంకొకటి చదివి నల్లబడేది. చివరికి ఫోను బోర్లా పెట్టి చెప్పాడు.

"మెకానికల్ పెట్టించుకుందాం. పిల్లలు లేకుంటే లేకపోయిరి."

"నాకు టిష్యూ కావాల మామా."

"మళ్ళీ కోస్తారంటాండారు, వినపడలా?"

"వినపడింది."

ఆయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రెండు రోజులు మేం మాట్లాడుకోలేదు.

మా అమ్మను చూసొస్తానని పులివెందుల వెళ్ళాను. బస్సు దిగి ఇంటిదాకా నడవలేక దారిలో ఒక అరుగు మీద కూర్చున్నాను. అమ్మే ఎదురొచ్చి చేయి పట్టుకుని తీసుకెళ్ళింది. లోపలికి వెళ్ళగానే తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించింది.

"ఆ మాత్రల వాల్వు వద్దు పాపా. బిడ్డ లేకుంటే ఆ ఇంట్లో నీకేం విలువ? ఈరోజు మీ ఆయన పిల్లలు వద్దంటాడు. రేపు వాళ్ళమ్మ ఇంకో సంబంధం చూడదని నమ్మకం యాడుంది?"

అమ్మ కోరేదీ నేను కోరేదీ ఒకటే. అయినా ఆ మాట విన్నాక నా కోరిక నాదేనా, భయమా అని నాకే సందేహం వచ్చింది. ఆ సందేహంతోనే జమ్మలమడుగు తిరిగొచ్చాను.

అత్త దొడ్లో గిన్నెలు తోముతోంది. నన్ను చూసి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"మీయమ్మ ఏమనింది?"

చెప్పలేదు. ఆమెకు అర్థమైనట్టే ఉంది.

"మీయమ్మకేం కావాల్నో, నా కొడుక్కేం కావాల్నో నాకు చెప్పొద్దు. ఈ ఇంట్లో నువ్వుండేదానికి బిడ్డ లెక్క గాదు. అది పక్కన పెట్టు. ఇప్పుడు చెప్పు, నీకేం కావాల?"

అట్లా నన్ను ఎవరూ అడగలేదు. మేడమ్ అడిగినప్పుడు కూడా చుట్టూ మనుషులున్నారు. నేను మెట్టు మీద కూర్చున్నాను, నిలబడే ఓపిక లేక.

"నాకు బిడ్డ కావాలత్తా. మళ్ళీ కోస్తారంటే శానా భయంగా ఉంది. అయినా కావాల."

"సరే. వానితో నేను మాట్లాడతా."

ఆ సాయంత్రం మా ఆయన చెప్పులు విప్పకముందే ఆమె మొదలుపెట్టింది. నేను లోపలి నుంచి వింటున్నాను.

"అది టిష్యూ అంటాంది. నువ్వు అడ్డం చెప్పాకు."

"మళ్ళీ ఆ టేబులెక్కితే దిగుతాదని ఎవురు చెప్పినారుమా?"

"ఇప్పుడు దిగుతాదని మాత్రం ఎవురు చెప్పినారు? కోసేది నీ రొమ్మును గాదు."

ఆయన లోపలికి వచ్చి నా పక్కన కూర్చుని, నా మందుల సంచి తీసి, మాత్రలన్నీ ఉన్నాయో లేదో చూశాడు. అదే ఆయన ఒప్పుకోవడమని నాకు తెలుసు. కానీ ముఖం మాత్రం తేటపడలేదు.

ఆసుపత్రిలో చేరినప్పుడు మేడమ్‌కు నా మాట చెప్పాను. కుదిరితే కుట్టండి, కుదరకపోతే టిష్యూ పెట్టండి అన్నాను. అత్త ఒక్క ప్రశ్న అడిగింది.

"ఆ వాల్వు దేంతో చేస్తారమ్మా?"

"ఆవు గుండె చుట్టూ ఉండే పొరతో."

"దాని పాలు తాగే పెరిగినాం. ఇది గూడా తీసుకుంటాం లే," అంది అత్త.

పొద్దున్నే తీసుకుపోయారు. పైన గుండ్రటి దీపాలు, చలి, ఎవరో నా పేరు అడగడం, ఇంతవరకే నాకు గుర్తుంది. ఆ తర్వాతది మా ఆయనా అత్తా వేరువేరుగా, వేరువేరు రోజుల్లో చెప్పింది.

భోజనాల వేళకు ఒక చిన్న డాక్టరు బయటికి వచ్చాడట. మేడమ్ నా వాల్వును కుట్టింది. ఆపిన గుండెను మళ్ళీ కొట్టుకునేలా చేసి, అంతసేపూ గుండె పని చేసిన మిషను నుంచి తప్పించి, లోపలే ఎకో తీసి చూశారు. కారుతోంది. అలాగే వదిలేస్తే కొన్నాళ్ళకు మళ్ళీ మొదటికొస్తుంది. అందుకని మళ్ళీ మిషను మీద పెట్టి, గుండె ఆపి, వాల్వు మారుస్తున్నారు.

"మళ్ళీ ఆపుతారా?" అని మా ఆయన లేచి నిలబడ్డాడు.

"ఆపాలండీ. ముందు అనుకున్నట్టు టిష్యూ పెడుతున్నాం. మీకు చెప్పి రమ్మన్నారు."

చాలా రోజుల తర్వాత ఆయనే నాతో అన్నాడు. "మెకానికల్ పెట్టమని చెప్పేదానికి నోరు తెరిచినా. ఒక్కరోజులో రెండుసార్లు గుండె ఆపితే, పదేళ్ళకు ఇంకోసారి ఎందుకు ఆపనీయాల అనిపించింది."

ఆ క్షణంలో అత్త ఆయన మణికట్టు పట్టుకుందట. "దాని మాట అది చెప్పిపోయింది. నువ్వు కూచో," అందట. ఆ చిన్న డాక్టరు ఇద్దరినీ చూసి, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. పొద్దు వాలేదాకా మళ్ళీ ఎవరూ రాలేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా మా ఆయన లేవడం, వేరే ఎవరి మనుషుల్నో పిలవడం, మళ్ళీ కూర్చోవడం. అత్త మాత్రం ఆయన చేయి వదల్లేదు.

నాకు మెలకువ వచ్చేసరికి గొంతులో గొట్టం ఉంది. మాట లేదు. రొమ్ము మీద బండ పెట్టినట్టుంది. మా ఆయన మాస్కు కట్టుకుని వంగి చూస్తున్నాడు. ఏది పెట్టారో అడగాలని పెదాలు కదిలించబోయాను, కదల్లేదు. కళ్ళల్లోకి చూస్తూ ఉండిపోయాను.

"కుట్టింది నిలబడలేదంట," అన్నాడు మెల్లగా. "నువ్వు చెప్పిందే పెట్టినారు."

కళ్ళు మూసుకున్నాను. మళ్ళీ కోస్తారన్న భయం అప్పుడే మొదలైంది. ఊపిరి మాత్రం మిషనుదైనా సరే, లోపలిదాకా పోతోంది.

కోలుకోవడానికి నెలలు పట్టింది. దగ్గు వస్తే దిండు రొమ్ముకు హత్తుకుని దగ్గేదాన్ని. అత్త నాకు జడ వేసేది, చేతులు పైకెత్తలేనని. మేడమ్ సరేనన్నాక గర్భం వచ్చింది. ఆ తొమ్మిది నెలలూ మా ఆయన నా ఊపిరి వింటూ పడుకున్నాడు. పాప పుట్టింది. మా అమ్మ వచ్చి ఎత్తుకుని ఏడ్చింది. అత్త ఏడవలేదు, పాప వేళ్ళు ఒక్కొక్కటే విప్పి చూసింది.

ఇప్పుడు పాప బడికి పోతోంది. నేను ప్రతి ఏడాదీ ఎకోకు పోతాను. మొన్న వానాకాలం తీసినదాంట్లో వాల్వు కొద్దిగా బిగుసుకుంటోందని తేలింది. ప్రొద్దుటూరు డాక్టరు జుట్టు ఇప్పుడు పూర్తిగా నెరిసిపోయింది.

"ఇంగా టైముంది," అన్నాడు. "ఈసారి రొమ్ము కోయకుండా, తొడ దగ్గర నరంలోంచి తీగ పంపి పాత వాల్వు లోపలే కొత్తది పెట్టేది వచ్చింది. ముసలోళ్ళకు బాగా చేస్తాండారు. నీ వయసోళ్ళకు అది ఎన్నేళ్ళు నిలుస్తాదో ఎవురికీ సరిగ్గా తెలీదు. కోసి పెట్టేదే మేలని కొందరు అంటాండారు."

మా ఆయన ఈసారి ఫోను తీయలేదు. "మేడమ్‌ను అడుగుదాం," అన్నాడు.

ఇంటికొచ్చాక పాపను పక్కన కూర్చోబెట్టుకుని, నాకు మళ్ళీ ఆపరేషను అవసరం కావచ్చని చెప్పాను. ఆ మాట పాప వేరే ఎవరి నోటి నుంచో వినడం నాకు ఇష్టం లేదు. పాప పెన్సిలు చెక్కడం ఆపింది.

"నొప్పి పుడతాదా?"

"పుడతాది."

"ఎప్పుడు చేస్తారు?"

"ఇంగా చెప్పలేదు. మళ్ళా ఎకో తీసి చూస్తారు."

"మా స్కూల్ డే డాన్సు అయినాకనా?"

ఎకో ఎండాకాలంలోనని, డాన్సు అంతకుముందేనని చెప్పాను. అయితే ముందు వరసలో కూర్చోవాలని, అవ్వను కూడా తీసుకురావాలని అంది. ఆ తర్వాత లేచి, లంగా ఎగదోపుకుని, సగం వచ్చిన ఆ డాన్సు మా ముందు చేసి చూపించింది.