చిట్టెలుక తీసిన తాళం

తాళాలక్క అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. తండ్రి పెట్టిన తాళాల కొట్టును ఇరవై రెండేళ్ళుగా ఒంటిచేత్తో నెట్టుకొస్తోంది. బీరువా మొరాయించినా, తాళంచెవి లోపల మరిచి తలుపు లాగేసుకున్నా, జనం ముందు ఆవిడకే కబురు పెట్టేవాళ్ళు. సన్నటి తీగ దూర్చి, చెవి ఆనించి, కళ్ళు మూసుకుందంటే ఆ తాళం పని అయిపోయినట్టే. నోరు మాత్రం గయ్యాళిది, మనసు వెన్న.

ఎనిమిది నెలల కిందట మెట్ల మీద జారి కుడిచేయి విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ మూడు వేళ్ళు పుల్లల్లా బిగుసుకుపోయాయి. ఒకే ఒక్కసారి తీగ పట్టి చూసింది, అది కాస్తా జారి కిందపడింది. అంతే, మర్నాడు కొట్టు ముందు అట్ట వేలాడింది: ‘తాళంచెవులు మాత్రమే చేయబడును. తాళాలు తీయబడవు.’ అప్పట్నుంచీ మిషను మీద తాళంచెవులు కోస్తూ కూర్చుంటోంది. ఎవరైనా బతిమాలితే కయ్యిమని లేస్తోంది. ఆ కయ్యిమనడం వెనక ఎంత ఏడుపుందో ఇంట్లోవాళ్ళకు తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం ఆట మాత్రం మానలేదు. మరిది బళ్ళో లెక్కల మాస్టారు, కథ చెబుతూ ఆట నడిపించేది ఆయనే. ఆడేది తాళాలక్క, ఆవిడ ఆడపడుచు నర్సమ్మ. ఆటలో ప్రతి పాత్రకూ బలం ఇంత, చురుకు ఇంత, తెలివి ఇంత, ఫలానా పనిలో నేర్పు ఇంత అని అంకెలుంటాయి. ఏ సాహసం చేయాలన్నా ఇరవై ముఖాల పాచిక వేసి, పడినదానికి ఆ అంకె కలుపుకోవాలి. తాళాలక్క పాత్ర కామరూపి, కోరిన జంతువైపోగలదు. అందుకోసం మాస్టారి నోటుబుక్కులో రెండు గళ్ళ పేజీ ఒకటుంది. శరీరం గడిలో రాసినవన్నీ రూపంతో పాటు మారిపోతాయి, మనసు గడిలోవి ఏ రూపమెత్తినా వెంటే ఉంటాయి.

ఆ ఆదివారం ఆట మంచి పాకాన పడింది. ఇద్దరి పాత్రలూ ఇనప గదిలో చిక్కుకున్నాయి, నీళ్ళు మెడదాకా వచ్చేశాయి. తాళాలక్క చిట్టెలుకగా మారి, పైనున్న గాలి కన్నంలోంచి బయటపడింది. తీరా చూస్తే తలుపుకి ఇంత లావు తాళంకప్ప. మళ్ళీ మనిషి కావాలంటే ఇంకో మూడుసార్లు తన వంతు రావాలి, నీళ్ళకు అంత ఓపిక లేదు. తాళం ఇప్పుడే తెరుచుకోకపోతే నర్సమ్మ పాత్ర మునిగిపోతుంది, రెండేళ్ళుగా పెంచుకొచ్చిన కథ నీళ్ళపాలవుతుంది. నర్సమ్మ అప్పటికే కుర్చీలో కాళ్ళు పైకి లాక్కుని కూర్చుంది.

ఎలుక తాళం కన్నంలో దూరుతుందనీ, తాళం తీసే నేర్పు తొమ్మిది కలుపుకోమనీ చెప్పి తాళాలక్క పాచిక అందుకుంది. మాస్టారు తల అడ్డంగా ఊపారు. ఎలుకకు బలం ఒకటి, చురుకు పదహారు, తాళం నేర్పు సున్నా. అది శరీరం గడిలో ఉంది కాబట్టి రూపంతో పాటే పోయిందన్నారు.

ఇంక చూడాలి ఆవిడ వీరంగం. ఆ రూలు రాసినవాడికి బుర్రలో గుజ్జుందా అంది. జన్మలో తాళం మొహం చూశాడా అంది. లోపల ఎన్ని ముక్కలున్నాయో, ఏది ముందు కదులుతుందో తెలియాలి, ఏది టిక్కుమందో చెవికి అందాలి. మిగతా పని పుల్లముక్కైనా చేస్తుంది, వేళ్ళదేముందంటూ బల్ల మీద గుద్దింది. గుద్దింది కుడిచేత్తోనే.

మాస్టారు అంతా విని, నోటుబుక్కు ఆవిడవైపు తిప్పారు.

“ఈ లైను మీరు చెప్పిందే వదినా. కట్టు విప్పిన వారమే ఈ పేజీ మళ్ళీ కొత్తగా రాశాం. తాళం నేర్పు ఏ గడిలో వెయ్యమంటారంటే, శరీరంలో వెయ్యి, వేళ్ళు పోతే అదీ పోయినట్టే అన్నారు.”

తాళాలక్క బిగుసుకున్న వేలిని ఆ లైను మీద పెట్టింది.

“కొట్టెయ్,” అంది.

లెక్కల మాస్టారు ఊరుకుంటారా? ఆట మధ్యలో రూలు మార్చాలంటే రుజువు కావాలన్నారు. అటకెక్కి, తాళంచెవి పోయి ఏళ్ళు గడిచిన పాత ట్రంకుపెట్టెను తాళంకప్పతో సహా దింపి బల్ల మీద పెట్టారు. తాళాలక్క దాన్ని పాముని చూసినట్టు చూసింది. తర్వాత నర్సమ్మ జడలోంచి రెండు పిన్నులు పీకింది.

ఒక పిన్ను వంచి, తాళం కన్నంలో పెట్టి, బిగుసుకున్న కుడి వేలితో అదిమిపెట్టింది. కదలని వేలు గదా, నొక్కింది నొక్కినట్టే ఉండిపోయింది. రెండోది ఎడమచేత్తో దూర్చి చెవి ఆనించింది. జారింది. మళ్ళీ దూర్చింది, మళ్ళీ జారింది. ముఖమంతా చెమట. మాస్టారు ఫ్యాను ఆపేశారు, చప్పుడు అడ్డం రాకూడదని. ఒక ముక్క టిక్కుమంది. కాసేపటికి రెండోది. మూడోది ఎంతకీ దారికి రాలేదు, తాళాలక్క దాన్ని ఏడుతరాలూ కలిపి తిట్టింది. అది దిగిన కాసేపటికి నాలుగోదీ దిగింది, తాళంకప్ప నోరు తెరిచింది.

తాళాలక్క అక్కడే తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది, మధ్యలో నవ్వింది కూడా. నర్సమ్మ కళ్ళు తుడుచుకుంటూనే, అవతల నేను మునిగిపోతున్నాను వదినా అని గుర్తుచేసింది. మాస్టారు శరీరం గడిలో ఆ లైను కొట్టేసి మనసు గడిలో రాశారు. తాళం తెరుచుకోవాలంటే మొత్తం పదిహేను రావాలి, నేర్పు తొమ్మిది ఉంది గనక ఆరు పడితే చాలు. పాచిక దొర్లి దొర్లి ఏడు దగ్గర ఆగింది. ముగ్గురూ వేసిన కేకకు పక్కింటివాళ్ళు తలుపు కొట్టారు.

సోమవారం పొద్దున కొట్టు ముందు ఒకతను అట్ట చదువుకుని, ఉసూరుమంటూ వెనక్కి తిరిగాడు. తాళాలక్క పిలిచి సంగతడిగింది. తాళంచెవి ఇంట్లో ఉండిపోయిందట, తలుపు మూసుకుపోయిందట. ఆవిడ అట్టను తెంపి రెండుగా మడిచి, ఊగుతున్న మిషను కాలి కింద దోపింది.

“ఎడమచేత్తో తీస్తాను. కాస్త ఎక్కువసేపు పడుతుంది. పదండి,” అంది.