ఏడాదికి రెండు వలయాలు

పెనుకొండ దగ్గరి కొండవాలులో పైన్ మొక్కలు నాటేనాటికి ఆ నేల మా చెయ్యి దాటి చాలా ఏళ్లయింది. మా తాత గుర్రమెక్కి చూసుకున్న పొలాల్లో అదొకటి. అటవీ శాఖవాళ్లు అక్కడ ప్రయోగాల తోట వేసి, కొలతలు రాయడానికి చదువు వచ్చిన మనిషి కావాలంటే నేను పోయాను. నాయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నేను తలపాగా చుట్టుకొనే పనికి పోయాను.

మూడు నెలలకొకసారి ప్రతి చెట్టుకూ రొమ్ము ఎత్తున టేపు చుట్టి లావు రాయాలి, గడకర్రతో ఎత్తు చూడాలి. ఊరివాళ్లు సరుగుడనుకొని వాటిని సర్వి చెట్లనేవాళ్లు, నేను దిద్దలేదు. పరదేశపు చెట్టు ఈ ఎండలో ఎంత వేగంగా పెరుగుతుంది, దాని కొయ్య ధర్మవరం చీరలు పంపే పెట్టెలకైనా పనికొస్తుందా అన్నది శాఖకు కావలసిన సంగతి. నాకు కావలసింది నా రాతలో తప్పు లేకపోవడం. మా ఇంట్లో అప్పటికి మిగిలింది మాట ఒక్కటే.

ఆరేళ్లు నిండాక, ఒక మాఘమాసంలో, పరిశోధన అధికారి వచ్చాడు. చలి కొండల్లో చదువుకున్న మనిషి. జీపు దిగుతూనే నీళ్లు మోసే కూలీని వంగమని, అతని వీపు మీద కాగితం పెట్టి ఏదో రాసుకున్నాడు. రెండోసారి నన్ను వంగమన్నాడు. నా వీపు బల్ల కాదని చెప్పాను.

తర్వాత ఒక చెట్టు కోయించి, మొదట్లోంచి బిళ్ల తీయించి వలయాలు లెక్కపెట్టాడు. పన్నెండు వచ్చాయి. ఏడాదికొక వలయం కాబట్టి చెట్టుకు పన్నెండేళ్లు, నాటిన సంవత్సరం అబద్ధం, కొలతలన్నీ ఇంట్లో కూర్చొని రాసినవి అని తేల్చాడు. నాటించిన అధికారి ఎప్పుడో బదిలీ అయ్యాడు, ఆయన కాగితాలు దొరకలేదు. నా రిజిస్టరు ఒక్కటే సాక్ష్యం. అందులోనే ఈ పరిశోధన అధికారి "ఈ రాతలు నమ్మదగినవి కావు" అని రాసి, కింద నన్ను సంతకం పెట్టమన్నాడు. పెట్టనన్నాను. మళ్లీ ఏడాదికి వస్తాననీ, అప్పటికీ పెట్టకపోతే నాకు పని ఉండదనీ చెప్పి పోయాడు.

ఆ బిళ్ల సంచిలో వేసుకొని రైలెక్కి హిందూపురం పోయాను. అక్కడ కొయ్యల అంగట్లో వడ్రంగి సాహెబు ఉండేవాడు. మా ఇంటి తలుపులు చేసింది ఆయన తాతే. బిళ్లను చిత్రిక పట్టి, నీళ్లతో తడిపి, వేలితో తడిమి చూసి నవ్వాడు.

"ఏమప్పా, ఆరేండ్లు చెట్టు చుట్టూ తిరిగితివే, వాన సంగతి మర్చిపోతివా? ఇది మన మాదిరే ముంగారికొకసారి, హింగారికొకసారి తిని పెరిగింది. సూడు, ఒకటి సన్నం, ఒకటి లావు."

నాకు తల కొట్టేసినట్లయింది. ముంగారు మా తొలి వానలు. ఆషాఢంలో గాలి తప్ప చినుకుండదు. ఆ తర్వాత వచ్చేవి హింగారు వానలు. చెట్టు ఏడాదిలో రెండుసార్లు పెరిగి రెండుసార్లు ఆగింది. ఇక్కడ విత్తనం వేసే ప్రతి ఒక్కరికీ తెలిసిన సంగతే, కొయ్యలో ఉన్నా నేను గుర్తుపట్టలేదు.

"రేపే పోయి ఆయనకు చెప్పు" అన్నాడు సాహెబు.

"చెప్పను. చూపిస్తా."

"మీ ఇంట్లో భూములు పాయె గానీ బింకం పోలేదబ్బా" అని తన పాత చిత్రిక నా చేతిలో పెట్టాడు.

గాయమైన చోట చెట్టు లోపల మచ్చ మిగులుతుందని నాకు తెలుసు. చైత్రంలో, వానలకు ముందు, పది చెట్లకు గోనెలు కుట్టే దబ్బనంతో కొయ్యకు తగిలేలా ఒక్కో పోటు పొడిచాను. ఆషాఢపు గాలుల్లో పక్కనే రెండోది. మార్గశిరంలో, వానలు వెనకపట్టాక, మూడోది. ప్రతి పోటుకూ తేదీ రాశాను. ఎవరి అనుమతీ అడగలేదు.

మాఘంలో అధికారి మళ్లీ వచ్చాడు. సంతకం మాట ఎత్తకముందే రిజిస్టరు తెరిచి తేదీలు చూపించి, ఆ పదింటిలో తనకు నచ్చిన చెట్టు ఎంచుకోమన్నాను. పోట్లు పొడిచిన చోట రంపంతో కోయించి, బిళ్లను నేనే చిత్రిక పట్టాను. మొదటి మచ్చకూ రెండో మచ్చకూ నడుమ ఒక వలయం. రెండోదానికీ మూడోదానికీ నడుమ ఇంకొకటి. ఆయన కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ లెక్కపెట్టాడు.

"పోయినేడే చెప్పి ఉండొచ్చు కదా" అన్నాడు.

"చెప్తే నమ్మేవారా?"

ఆయన తాను పోయినేడు రాసిన పేజీ చించేసి కొత్తది రాసుకుందామన్నాడు. చించవద్దన్నాను. తాను రాసిన మాట కిందే, తన చేత్తోనే, అది తప్పని రాయమన్నాను.

ఆయన కలం తీసి అటూ ఇటూ చూశాడు. నీళ్లు మోసే కూలీ అలవాటు కొద్దీ ముందుకొచ్చి వంగబోయాడు. నేను అతని భుజం పట్టి ఆపాను. రిజిస్టరును అప్పుడే కోసిన చెట్టు మొద్దు మీద తెరిచి పెట్టాను. ఆ మొద్దు మోకాలెత్తు కూడా లేదు. దాని మీద బంక ఊరుతోంది.

ఆయన ప్యాంటు పైకి లాక్కొని, నడుం వంచి రాశాడు. సిరా ఆరేదాకా నేను నిలబడే ఉన్నాను.