ఎవరిదీ కాని కాగితం

ఇంట్లో అందరూ ఆమెను రాయబారమ్మ అనేవారు. దౌత్యశాస్త్రం చదువుతానన్న రోజున మేనత్త పెట్టిన పేరది. "దానికి కాలేజీ ఎందుకే? మీ అమ్మా నాన్నా అలిగి మాట్లాడుకోని రోజుల్లో ఆ గదికీ ఈ గదికీ కబుర్లు మోసింది నువ్వేగా" అంది. తండ్రి మాత్రం నవ్వలేదు. రిజిస్ట్రారు ఆఫీసు ముందు బల్ల వేసుకుని దస్తావేజులు రాసే మనిషి ఆయన. హద్దులు, సాక్షులు, తేదీ, సంతకం, అన్నీ చీమ దూరే సందు లేకుండా రాస్తాడని పేరు. కూతురికీ అదే పద్ధతి అబ్బింది.

ఆ పద్ధతే కాలేజీలో కొంప ముంచింది. మొదటిసారి ఒప్పందం ముసాయిదా రాసిస్తే, రాయబారిగా చేసి రిటైరైన మాస్టారు నిలువునా గీత కొట్టారు. "ఇదేమిటమ్మా, ఎదుటివాణ్ణి గోడకు నొక్కిపెట్టేశావు? ఔనంటే వాడి పరువు పోతుంది. పరువు పోతుందంటే ఎవడూ ఔననడు" అన్నారు. పైన ఆఫీసు పేరు, తేదీ, సంతకం ఏమీ లేకుండా బల్లల మీదికి జారే కాగితాలు కూడా ఉంటాయని ఆయన చెబితే ఆమెకు ఒళ్లు మండింది. సంతకం లేనిది కాగితమేమిటి, చిత్తు గాని? ఆ మంట చల్లారడానికి మూడేళ్లు పట్టింది.

విదేశాంగ శాఖలో ఉద్యోగం వచ్చింది సరే, ఐదేళ్లు పాత ఒప్పందాల బీరువాలతోనే గడిచాయి. తోటివాళ్లు విమానాలెక్కుతుంటే ఈవిడ దుమ్ముకు తుమ్ముతూ కూర్చుంది. ఆరో ఏట, చర్చల్లో ఎవరేమన్నారో రాసుకోవడానికి సరిహద్దు వంతెన దగ్గరికి పంపారు.

సంగతేమిటంటే, మన లారీ డ్రైవర్లు పదకొండు మంది నాలుగు నెలలుగా అవతల చిక్కుపడి ఉన్నారు. వరదకు వంతెన మూసేసిన మూడు రోజుల్లో వాళ్ల పర్మిట్ల గడువు తీరిపోయిందని అవతలి అధికారులు పట్టుకున్నారు. తప్పు మీదేనని రాసివ్వండి, వదిలేస్తామంటారు వాళ్లు. అన్యాయంగా పట్టుకున్నామని మీరే రాసివ్వండంటారు మనవాళ్లు. మూడు రోజులుగా పెద్దమనుషులది అదే పాట. చర్చలు ముగిసిన మర్నాడే కేసు కోర్టుకెక్కుతుంది, ఎక్కితే ఏళ్ల తరబడి జైలే. గేటు బయట డ్రైవర్ల భార్యలు కూర్చుని ఉండేవారు. వాళ్ల మొహాలు చూడలేక ఆమె తల దించుకుని లోపలికి నడిచేది.

ఆఖరి రోజు భోజనాల వేళ తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు టైపు చేసింది. వంతెన మూసి ఉన్న రోజులు గడువులోకి రావు. కాబట్టి పట్టుకున్న నాటికి పర్మిట్లు చెల్లుతాయి. కాబట్టి బండ్లు కదలవచ్చు. ఎవరూ ఎవరికీ ఏమీ రాసివ్వనక్కర్లేదు.

పై అధికారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీనికి తలా తోకా లేదేమిటి?"

"ఉండకూడదండీ. ఉంటే మనదైపోతుంది. మనదైతే వాళ్లు ముట్టుకోరు."

ఆయన కాగితాన్ని తిరిగి ఆమె చేతికే ఇచ్చాడు. "బెడిసికొడితే మాత్రం నువ్వెవరో నాకు తెలీదు" అన్నాడు.

అవతలి పెద్దాయన ఫైలు పక్కన ఆమె ఆ కాగితాన్ని మరిచిపోయినట్టు వదిలేసింది. ఉద్యోగం ఊడినా ఊడుతుందని తెలుసు. ఆయన వచ్చి కళ్లజోడు పెట్టుకుని చదివాడు. వెనక్కి తిప్పి సంతకం కోసం చూశాడు. లేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అందరూ కూర్చున్నాక గొంతు సవరించుకుని, ఆ నాలుగు ముక్కలూ పొల్లుపోకుండా, అప్పుడే తనకు తట్టినట్టు చెప్పాడు. మన అధికారి గడ్డం గోక్కుంటూ "ఆలోచించదగ్గ మాటే" అన్నాడు. ఏం నటన, ఏం నటన. నవ్వు ఆపుకోవడానికి ఆమె పెదవి కొరుక్కుంది. ప్రతిపాదన అవతలి పక్షం చేసిందని బుద్ధిగా రాసుకుంది.

మర్నాడు పొద్దున్నే లారీలు వంతెన ఎక్కాయి. ఎక్కడమంటే ఎక్కించడమే, నాలుగు నెలలు కదలక బ్యాటరీలన్నీ చచ్చిపోయాయి. వంతెన మధ్యలోని సరిహద్దు గీత దాకా అవతలి కాపలావాళ్లు తోసుకొచ్చారు. అక్కణ్ణుంచి మనవాళ్లు అందుకున్నారు. మొదటి డ్రైవరు భార్య, స్టీరింగు దగ్గరున్న మొగుణ్ణి చూసి ఏడుస్తూనే బండికి భుజం ఆనించింది. పక్కనే నిలబడ్డ మనిషి ఎవరో, ఏం చేసిందో ఆమెకేం తెలుసు?

"అలా చూస్తూ నిలబడ్డారేంటమ్మా, మీరూ ఓ పట్టు పట్టండి" అంది.

రాయబారమ్మ చెప్పులు విడిచేసి ఆమె పక్కన దూరింది. పట్టలేని సంతోషంతో, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తోసింది.