చామంతి కన్ను

ఆర్మూరులో సత్తవ్వ చేతికి పసుపు అంటని రోజు లేదు. సీజన్‌లో మార్కెట్ యార్డులో పసుపు కొమ్ములు ఏరుతుంది, మిగతా రోజుల్లో ఇంట్లో వైద్యం చేస్తుంది. మనవడి మోకాలు గీరుకున్నా, గడపకు చీమలు పట్టినా ఆమె దగ్గరున్న మందు ఒకటే. తన తెల్లమొహం ఆవు చామంతికి కంటి మూలన గులాబీ రంగు బొడిపె లేస్తే, దానిమీదా అదే పూసింది.

"తగ్గుతున్నది" అంది మొగుడితో.

"తగ్గుతలేదే, నీ పసుపు కింద దాసుకుంటున్నది" అన్నాడు భూమేశ్వర్. ఆమె మాట వినకుండా వెళ్లి పశువుల డాక్టరు సంధ్యారాణిని పిలుచుకొచ్చాడు.

డాక్టరు గోరువెచ్చని నీళ్లతో కన్ను కడిగింది. చెంబు నిండా పసుపు నీళ్లు దిగాయి. అడుగున శనగగింజంత ఉందనుకున్న బొడిపె రేగుపండంత తేలింది.

"క్యాన్సర్ లెక్క కనబడుతున్నది సత్తవ్వా. తెల్లమొగం పసువులకు ఎండకు వస్తుంటది. పసువులకు కంటి మూలకు మూడో రెప్ప ఒకటుంటది, ఇంకా గా లోపటి రెప్ప మీదనే ఉంది. గుడ్డుకు పాకిందంటే కన్నే తీసెయ్యాలె."

సత్తవ్వ గంగడోలు పట్టుకుని నిలబడింది. "మందు లేదా డాక్టరమ్మా?"

"రెండు తొవ్వలున్నయి. ఒకటి, గడ్డ లోపటికే సూది ఏసుడు. గా మందు ఒంట్ల ఉన్న బలాన్నే లేపి గడ్డ మీదికి ఉసిగొల్పుతది. కోత ఉండదు. కానీ మళ్ల మళ్ల ఏయాలె, నెలలు పడ్తది, అన్నిటికీ పనిచేస్తదని చెప్పలేను. రెండోది, మత్తిచ్చి గా రెప్పను కోసి తీసుడు. ఒక్క పూటల అయిపోతది. మళ్ల రాదని మాత్రం మాటియ్యను."

కంటి దగ్గర కత్తి అనేసరికి సత్తవ్వ చామంతి కన్నుకు చెయ్యి అడ్డం పెట్టింది. "సూదే ఏయిరి. పాలు తగ్గుతయా? గా లేచిన బలం ఇంకో దిక్కు పోతే ఎట్ల? గడ్డ వాస్తదా?"

"ముందుగాల ఇంకింత వాస్తది. ఎర్రగైతది, కారుతది."

"వాసినప్పుడు ఏం పూయాలె?"

"ఏం పూయొద్దు. చెయ్యే పెట్టొద్దు. ఊకుంటవా?"

ఉంటానని చెప్పడానికి నోరు తెరిచింది. భూమేశ్వర్ రేకుల కప్పు వైపు చూస్తూ మీసం దువ్వుకుంటున్నాడు. వాచినదాన్ని చూసి వదిలిపెట్టిన రోజు ఒక్కటైనా గుర్తొస్తుందేమోనని ఆమె నిజంగానే వెతుక్కుంది. రాలేదు.

"నెలలు నెలలు ఊకునుడు నాతోని కాదు. కోసెయ్యిరి."

"మంచిది. గడ్డ గిట్లున్నప్పుడు నేను గూడ కోతకే మొగ్గుత" అంది డాక్టరు.

మర్నాడు పొద్దున్నే మత్తు ఎక్కిన చామంతి తలను సత్తవ్వ రెండు చేతులా ఒడిసి పట్టుకుంది. భూమేశ్వర్ గడ్డివాము వెనక్కి జారుకున్నాడు. డాక్టరు కోసిన ముక్కను సీసాలో వేసి పరీక్షకు పంపింది. క్యాన్సరేనని, కోసిన ముక్క అంచుల్లో మాత్రం జబ్బు లేదని, అయినా కన్నును గమనిస్తూ ఉండమని తర్వాత ఫోన్ చేసి చెప్పింది.

పుండు మానింది. ఆ కంటితో చూపుందో లేదో సత్తవ్వకు తేలలేదు. గడ్డి చూపించింది, చెయ్యి ఊపింది. ఈగలను కూడా పట్టించుకోనంత బద్ధకంగా నెమరేస్తూ నిలబడింది చామంతి. ఒకరోజు సత్తవ్వకు నడుం పట్టేస్తే, పాలు పిండటానికి భూమేశ్వర్ చప్పుడు చేయకుండా ఆ కన్నున్న వైపు నుంచే వచ్చాడు. అతని చేతిలో బకెట్ కనబడగానే చామంతి కాలెత్తింది. బకెట్ వెళ్లి గోడకు తగిలింది.

"కనబడుతున్నది" అంది సత్తవ్వ మంచం మీది నుంచి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.